లూసియానా ఓటర్లను పిచ్చోళ్లు అనకుండ్రి

అమెరికా రాజకీయం అంటే మనోళ్లు ట్రంప్ కాడ, వీసాల కాడ ఆగిపోతరు గని నేనైతే ఎక్కువ చదివేది దక్షిణాన ఉండే లూసియానా రాష్ట్రం గురించి. ఆడి ఓటర్లు దొంగలకు ఓట్లేసే పిచ్చోళ్లని టీవీలల్ల మాట్లాడుతుంటరు, నేను దానికే జవాబు చెప్తున్న. మాది మిర్యాలగూడ, ఎటు చూసినా రైస్ మిల్లులే. మా తమ్ముడు ఆ రాష్ట్రంలనే లఫాయెట్‌ల ఎమ్మెస్ చేస్తుండు, వాడుండే కాడ్నుంచి కారుల జెర దూరం పోతే క్రౌలీ అనే ఊరొస్తది, దాన్ని అమెరికా బియ్యం రాజధాని అంటరు. వరి కోసినంక అవే మళ్లల్ల మళ్ల నీళ్లు పెట్టి క్రాఫిష్, అంటే రొయ్యల లెక్కుండేవి, పెంచుతరంట, ఒక్క పొలం మీదనే బియ్యం, కూర రెండూ ఎల్లుతయి.

ఆ దిక్కు ఉండేటోళ్లు కేజన్లు, ఫ్రెంచ్ మాట్లాడే జనం. 1755ల ఇంగ్లీషోళ్లు వీళ్ల పెద్దలను కెనడా దిక్కు అకేడియా నుంచి ఎల్లగొడితే తిరిగి తిరిగి ఈ చిత్తడి నేలకు వచ్చి బతికిండ్రు. మార్డీ గ్రా అని ఆడ క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు వచ్చే పండుగ, అదంటే అందరికి న్యూ ఓర్లీన్స్ ఊరేగింపులు, పూసల దండలే గుర్తొస్తయి, అవి కూడ బాగుంటయి గని నాకు ఇష్టమైంది పల్లెటూర్లల్ల చేసేది. ముఖాలకు మాస్కులు కట్టుకొని గుర్రాల మీద ఇంటింటికి పోయి, పాట పాడి, గంబో అనే పులుసు వండుకునుడుకు బియ్యం, కోడి అడుక్కుంటరు, కోడిని ఇడిస్తే ఎంటపడి పట్టుకోవాలె. మనకాడ హోలీకి పిల్లలు కోలలు కొట్టుకుంట జాజిరి పాడి ఇంటింటికి తిరిగినట్టే ఉంటది. ఇసొంటి జనానికి 1921ల రాష్ట్రం రాసుకున్న రాజ్యాంగంతోని బడిల ఫ్రెంచ్ బందు పెట్టిండ్రు, ఇంట్ల మాట్లాడే మాట బడిల మాట్లాడితే పిల్లగాండ్లను కొట్టేటోళ్లు. ఇది చదివినప్పుడు నాకు మస్తు బాధయింది.

ఇగ హ్యూయీ లాంగ్ ముచ్చట. ఆడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లెక్క, ఓట్లతోని గెలిచేటోడు. 1928ల గవర్నర్ అయ్యేనాటికి రాష్ట్రం మొత్తంల పక్కా రోడ్లు 300 మైళ్లకు జెర ఎక్కువ, అంతే. రోడ్లేసిండు, బ్రిడ్జిలు కట్టిండు, బడి పిల్లలకు పుస్తకాలు ఫ్రీగ ఇచ్చిండు, చదువు రాని పెద్దోళ్లకు రాత్రి బడులు పెట్టిండు. 1929ల ఆయిల్ కంపెనీల మీద బ్యారెల్‌కు 5 సెంట్లు పన్ను ఎయ్యబోతే ఆయననే దించుదామని అభిశంసన పెట్టిండ్రు, 15 మంది సెనేటర్లు మేం దోషి అననే అనమని ముందే సంతకాలు పెట్టేసరికి అది ఆడనే ఆగిపోయింది. అట్లని దేవుడేం కాదు, సర్కారు నౌకర్ల జీతాలల్ల కోసి పార్టీ డబ్బాల ఏయించుకున్నడు, ఎదురు చెప్పినోళ్ల నౌకరీలు పీకిండు, నల్లజాతి వాళ్లకు ఓటు సంగతే పట్టించుకోలే. 34 అంతస్తుల క్యాపిటల్, అంటే రాష్ట్ర అసెంబ్లీ బిల్డింగ్, కట్టించిండు, 1935 సెప్టెంబర్‌ల ఆ బిల్డింగ్‌లనే తూటా తగిలింది, రెండు దినాలకు పోయిండు, వయసు 42. సమాధి కూడ దాని ముందల్నే ఉన్నది.

పేదోళ్లు ఆయనను ఎందుకు నెత్తిన పెట్టుకున్నరో నల్లగొండోళ్లకు ఎవ్వలూ చెప్పే పని లేదు. దొరల కింద ఎట్టి చేసిన జనం 1952ల రావి నారాయణరెడ్డిని నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతోని పార్లమెంటుకు పంపిన జిల్లా మాది. ఇద్దరు మనుషులు ఒక్క తీరు కానే కాదు, రావి నారాయణరెడ్డి సొంత భూములు పంచిన మనిషి, నేను చెప్పేది ఓటేసినోళ్ల సంగతి.



తర్వాతి కాలంల లూసియానాకు ఎడ్విన్ ఎడ్వర్డ్స్ నాలుగు సార్లు గవర్నర్ అయిండు. లంచగొండి అని ఊరంత అనేది. 1991ల ఆయన మీద నిలబడ్డది డేవిడ్ డ్యూక్, నల్లజాతి వాళ్లను ద్వేషించే తెల్లోళ్ల గుంపు కు క్లక్స్ క్లాన్‌ల ఒకప్పుడు పెద్ద లీడరు. అప్పుడు కార్ల మీద స్టిక్కర్లు పడ్డయి, దొంగకే ఓటెయ్యుండ్రి, ఇది ముఖ్యం అని. ఎడ్వర్డ్స్‌కు 61 శాతం వచ్చినయి. తర్వాత క్యాసినో లైసెన్సుల కేసుల ఆయన జైలుకు పోయిండు, పోవాల్సిందే. కని ఆ రోజు లైన్ల నిలబడ్డ నల్లజాతి వాళ్లు, తెల్లోళ్లు ఎవలకు ఎయ్యాల్నో, ఎందుకు ఎయ్యాల్నో మంచిగ ఎరుక ఉండే ఏసిండ్రు. టీవీల కూసొని వాళ్లను ఎడ్డోళ్ల లెక్క మాట్లాడేటోళ్లను చూస్తే నాకు కోపమొస్తది, మా ఊరి ఓటర్లను అట్లనే మాట్లాడినప్పుడు వచ్చే కోపమే.