పొట్టి చేతుల చొక్కా

పక్కింటి తొమ్మిదేళ్ల బాబు మండే ఎండల్లోనూ చొక్కా చేతులను మణికట్టు దాకా లాక్కుంటుంటే నేను మొదట పట్టించుకోలేదు. ఒక సాయంత్రం బంతి అందుకోబోయి చేయి చాచినప్పుడు మోచేతి కింద బెల్టు వాత కనిపించింది. పరాయి ఇంటి విషయంలో తలదూర్చే హక్కు నాకెక్కడిదని మూడు రోజులు మథనపడి, చివరకు బాలల సంరక్షణ అధికారులకు ఫోన్ చేశాను. తల్లి ఒడిలోంచి బిడ్డను లాక్కుపోతారేమోనన్న భయంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వచ్చిన అధికారిణి బాబును తీసుకుపోలేదు. తండ్రితో చాలాసేపు మాట్లాడారు, ఆ తర్వాత కూడా పలుమార్లు వచ్చారు.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను ఆ తర్వాతే శ్రద్ధగా చదివాను. పెంపకంలో ప్రధాన బాధ్యత తల్లిదండ్రులదేనని, అందుకు వారికి తగిన సాయం చేయడం ప్రభుత్వాల విధి అని 18వ అధికరణం చెబుతుంది. బిడ్డ మేలు కోసం తప్పనిసరైతేనే, అదీ న్యాయసమీక్షకు, అంటే కోర్టు పరిశీలనకు, లోబడి మాత్రమే, బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచేయవచ్చని 9వ అధికరణం అంటుంది. నా దృష్టిలో ఆ న్యాయసమీక్ష అన్న మాట ఎంతో విలువైనది, ఎందుకంటే ఇంట్లోని లేమిని చూసి నిర్లక్ష్యమని పొరబడే అధికారిని నిలదీయగలిగే చోటు అదే. (పిల్లలను కొట్టడాన్ని ఇంటి వ్యవహారంగా వదిలేయకుండా స్వీడన్ 1979లోనే చట్టంతో నిషేధించింది.)

నిన్న బాబు పొట్టి చేతుల చొక్కాతో మా గుమ్మంలో నిలబడి బంతి అడిగాడు. వాళ్ల నాన్న గేటు దగ్గరే ఆగి, నా వైపు చూసి తల ఊపారు.