పిట్ బుల్ మిక్స్ ని షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, వైజాగ్ లో నా అనుభవం

మా గవ్వ ఆడకుక్క, గోధుమరంగు, తల పిట్ బుల్ దే గానీ కాళ్ళు మన వీధికుక్కల్లా సన్నగా పొడుగ్గా ఉంటాయి. ఎవరో చెవులు కత్తిరించేసి, కొన్నాళ్ళు పెంచి, షెల్టర్ గేటుకి కట్టేసి పోయారట.

షెల్టర్ వాళ్ళు అడగ్గానే ఇచ్చెయ్యరు. సొంతిల్లా అద్దా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అన్నీ అడిగారు, అద్దె కాబట్టి ఓనర్ గారి దగ్గర లెటర్ తెమ్మన్నారు, ఆనక ఇంటికొచ్చి బాల్కనీ గ్రిల్ కూడా చూసి వెళ్ళారు. మా ఆయనకి చిరాకేసింది గానీ నాకైతే బాగా నచ్చింది, ఇవేవీ అడక్కుండా అమ్మేసేవాళ్ళు ఉండబట్టే కదా ఇలాంటివి రోడ్డు మీద పడుతున్నాయి. మేము వెళ్ళిన ప్రతిసారీ అక్కడ పనిచేసే అబ్బాయి గవ్వ తినేటప్పుడు గిన్నె జరిపి చూపించాడు, వేరే కుక్కల పక్కనుంచి నడిపించాడు. మనుషులతో బంగారం, వేరే ఆడకుక్క కనిపిస్తే మాత్రం బిగుసుకుపోద్ది అని దాచకుండా చెప్పేశాడు.

అసలు కష్టం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తో. సెక్రటరీ గారు "అదేటమ్మా, ఆ జాతిని గవర్నమెంటే బ్యాన్ చేసింది కదా" అన్నారు. 2024 మార్చిలో కేంద్రం పిట్ బుల్ తో కలిపి 23 జాతుల్ని, వాటి క్రాస్ లని కూడా బ్యాన్ చెయ్యమని రాష్ట్రాలకి లెటర్ రాసిన మాట నిజమే, కానీ ఏప్రిల్ లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది, పైగా ఆ లెటర్ లో కూడా ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమన్నారు తప్ప వదిలెయ్యమనలేదు. గవ్వకి ఆ ఆపరేషన్ షెల్టర్ లోనే అయిపోయింది. అసోసియేషన్ తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని వద్దనడానికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 గైడ్ లైన్స్ లో ఉంది, అవి ప్రింట్ తీసి ఇచ్చాం, రేబీస్ సర్టిఫికెట్, జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) లైసెన్స్ జిరాక్స్ లు కూడా ఇస్తామన్నాం.

అయినా కాగితం చూపిస్తే భయం పోదు కదండీ. పై ఫ్లోర్ ఆవిడకి చిన్న పిల్లలు, ఆవిడ భయపడటంలో తప్పేం లేదు. అందుకని మేమే చెప్పాం, లిఫ్ట్ లో ఎవరైనా ఉంటే ఎక్కం, తాడు పెద్దవాళ్ళే పట్టుకుంటారు, గుమ్మం దాటితే మూతికి బుట్ట మజిల్ ఉంటుంది అని. మజిల్ లోపల పెరుగు రాసి నాకించి నాకించి అలవాటు చేశాం, ఇప్పుడు అదే మూతి పెట్టేస్తుంది.

తెచ్చిన కొత్తలో సోఫా వెనకనుంచి రాలేదు, సరిగ్గా తినలేదు. షెల్టర్ వాళ్ళు 3-3-3 అన్నారు, 3 రోజులు బెదురు, 3 వారాలకి ఇంటి పద్ధతి తెలుస్తుంది, 3 నెలలకి ఇల్లు తనదనుకుంటుందట, దీనికి ఇంకా ఎక్కువే పట్టింది, తొందరపెట్టకండి. ఇంకోటి, మన ఉక్కపోతకి పిడుదులు బాగా పడతాయి, జ్వరమొచ్చి తిండి మానేసి చిగుళ్ళు పాలిపోతే బెదురనుకుని ఊరుకోకండి, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) కి రక్తపరీక్ష చేయించండి. వాకింగ్ తెల్లారగట్లే, తర్వాత తారురోడ్డు కాళ్ళు కాల్చేస్తుంది, మేము లాసన్స్ బే బీచ్ వైపు వెళ్తాం.

పగలు దానితో ఇంట్లో ఉండే మనిషి ఎవరో వాళ్ళని ముందే షెల్టర్ కి తీసుకెళ్ళండి. మా ఇంట్లో అది అత్తయ్యగారు, ఆవిడ వద్దని ఉంటే మేము అక్కడితో ఆపేసేవాళ్ళం.