మినిమమ్ డ్యూ మహిమ

నిన్న మియాపూర్‌లో ఫ్లాట్ చూసొచ్చాం. మూడేళ్ల కిందట అదే అపార్ట్‌మెంట్‌లో "ఇంకాస్త తగ్గాక చూద్దాంలే" అన్నది నేనే. ఇప్పుడు రేటు విన్నాక మా ఆవిడ ఏమీ అనలేదు. అదే భయం.

లోన్ 80 శాతం దాకా ఇస్తారట. రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం మాత్రం మన జేబులోంచే. ఆ జేబు సంగతేమిటంటే, నిరుడు క్రెడిట్ కార్డు మీద ఫ్రిజ్ కొని నాలుగు నెలలు మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తం, మాత్రమే కట్టాను. నెలకు 3.5 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 42! హోమ్ లోన్‌కి 9 శాతం అంటేనే గుండె పట్టుకునేవాణ్ని. పైగా బాకీ మిగిలితే కొత్తగా కొన్న పాల ప్యాకెట్‌కీ మొదటి రోజు నుంచే వడ్డీ.

ఇప్పుడు పూర్తి బిల్లుకు ఆటో డెబిట్ పెట్టేశాను. కార్డు మాత్రం పారేయలేదు, పెట్రోలుకి వాడుతున్నా.