విమానం ఎక్కే ముందు మా చింటూకి క్రేట్ ఎలా అలవాటు చేశామంటే

మా కుక్క చింటూని హైదరాబాద్ నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఎలా తీసుకెళ్లారని అడిగేవాళ్లు ముందుగా కాగితాల గురించే అడుగుతారు. మైక్రోచిప్, దాని తర్వాత రేబిస్ టీకా, కనీసం 30 రోజులు ఆగి రక్త పరీక్ష, రక్తం తీశాక ఇంకో 3 నెలలు. ఇవన్నీ అయితేగానీ మన దేశం నుంచి వచ్చే కుక్కని యూరప్‌లోకి రానివ్వరు. ఆ 3 నెలలూ ఊరికే ఎదురుచూడకండి. కుక్కకి క్రేట్, అంటే ప్రయాణంలో అది ఉండే పెట్టె, అలవాటు చేయడానికి అంత మంచి సమయం మళ్లీ దొరకదు.

క్రేట్ కొనే ముందు టేపుతో కుక్కని కొలవండి. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు ఒక కొలత, నేల నుంచి ముందుకాలి మోచేయి వరకు ఇంకొకటి. మొదటిదానికి రెండోదాంట్లో సగం కలిపితే క్రేట్ పొడవు వస్తుంది. చింటూకి 75, 30 వచ్చాయి, అంటే 90 సెంటీమీటర్లు ఉండాలి. భుజాల దగ్గర ఎంత వెడల్పు ఉంటే దానికి రెట్టింపు క్రేట్ వెడల్పు. మా వాడు దేశీ కుక్క, చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి. అలాంటివాటికి ఎత్తు చెవి కొస వరకు కొలిచి, పరుపు మందం కూడా కలపాలి. ఈ లెక్కలు ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) నిబంధనల్లోవి. అంతర్జాతీయ ప్రయాణానికి నాలుగు వైపులా గాలి ఆడాలి, చక్రాలు తీసేయాలి. క్రేట్‌తో వచ్చే ప్లాస్టిక్ క్లిప్పులు తీసి ఇనుప నట్లు, బోల్టులు బిగించాం.

మొదట్లో తలుపు ఊడదీసి హాల్లో సోఫా పక్కన పెట్టాం. అన్నం గిన్నె రోజూ క్రేట్ గుమ్మం దగ్గర, తర్వాత కొంచెం లోపల, ఆ తర్వాత చివరన. లోపల అమ్మ పాత నూలు చీర మడతపెట్టి వేశాం, ఎందుకంటే ఆ వాసన వాడికి ప్రాణం. మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే వెళ్లి పడుకోవడం మొదలయ్యాకే తలుపు బిగించాం. తర్వాత ట్రాలీ ఆటోలో క్రేట్‌తో సహా కాలనీ చుట్టూ తిప్పాం. ఆ కుదుపులు, హారన్లు ఇంటి మనిషి పక్కన ఉండగానే అలవాటు కావాలని.

అమ్మకి ఒకటే బెంగ. "అంతసేపు ఒక్కడే ఉంటాడు కదే, ఓ మత్తు సూది వేయించరాదూ?" అంటూనే ఉంది. డాక్టర్ గారు ససేమిరా అన్నారు. మత్తులో రక్తపోటు పడిపోవచ్చు, ఒంటి వేడి అదుపు తప్పవచ్చు, క్రేట్ కదిలినప్పుడు కాళ్లు నిలదొక్కుకోలేక దెబ్బలు తగలవచ్చు. విమానంలో వాడిని గమనించి చూసుకునే డాక్టర్ ఉండరు. మత్తిచ్చిన కుక్కని చాలా విమాన సంస్థలు ఎక్కించుకోవు కూడా. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

కార్గోలో, అంటే విమానం అడుగున సామాను పెట్టే చోట, గాలి ఉండదేమో అని చాలామందికి టెన్షన్. అక్కడ జంతువుల్ని పెట్టే భాగంలో గాలి ఒత్తిడి మనం కూర్చునే చోట ఉన్నంతే ఉంటుంది, వేడి, చలి కూడా అదుపులో ఉంటాయి. లోపల జంతువు ఉందని పైలట్‌కి ముందే తెలియజేస్తారు. నాకు భయం వేసేది విమానం ఎక్కించే ముందు ఎండలో ఉంచే కాసేపటి గురించి. మే నెల శంషాబాద్ ఎండలో క్రేట్ నిలబెట్టడం నాకు ఊహకే రాదు. అందుకే చలికాలం, రాత్రి ఫ్లైట్ చూసుకున్నాం. పగ్, షిట్జూ లాంటి చిన్నముక్కు కుక్కలకి ఎండ మరీ ప్రమాదం. కుక్క ఒంటి వేడి తగ్గించుకునేది ముఖ్యంగా రొప్పడంతో, వాటికి అదే కష్టం. చాలా విమాన సంస్థలు వాటిని కార్గోలో తీసుకోకపోవడానికి కారణం ఇదే.

బయల్దేరే రోజు, ప్రయాణానికి ఆరు గంటల ముందే కొంచెం పెరుగన్నం పెట్టాం, అంతే. తలుపుకి తగిలించే గిన్నెలో నీళ్లు ముందురోజే గడ్డకట్టించాం. ఎత్తి దించేటప్పుడు ఒలికిపోవు, మెల్లగా కరిగాక తాగుతాడు. క్రేట్ మీద వాడి పేరు, మా ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి అంటించాం.

దిగాక అందరూ తొందరపడేది ఒకచోటే. కుక్కని చూడగానే ప్రేమ పొంగి తలుపు బార్లా తీసేస్తారు. తెలియని చోట బెదిరిన కుక్క మన పిలుపుకి ఆగదు. గది తలుపులు మూశాక, క్రేట్ సందులోంచి చెయ్యి పెట్టి మెడపట్టీకి తాడు తగిలించి, అది గట్టిగా పట్టుకున్నాకే బయటికి రానివ్వండి.