మార్కులు తగ్గాయి, ర్యాంకు వచ్చింది: నా నీట్ లాంగ్ టర్మ్ అనుభవం

ముందే చెప్పేస్తాను. 2024 నీట్‌లో నాకు 720కి 544 వచ్చాయి, సీటు రాలేదు. 2025లో 494 వచ్చాయి, ర్యాంకు నంబరు మాత్రం అప్పటి దాంట్లో సగం కూడా లేదు, అంటే చాలా పైకి వచ్చాను. అంత కష్టంగా వచ్చిన 2025 పేపర్ రాసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. మా చుట్టాలకే మూడు రోజులుగా వివరించి వివరించి నోరు నొప్పి పుడుతోంది. "యాభై మార్కులు తగ్గితే స్వీట్లెందుకమ్మా?" అని పెదనాన్న నిన్న కూడా అడిగారు. ఈసారి దేశం మొత్తానికి ఫస్ట్ వచ్చినవాళ్లకే 686 అని, పోయినేడాది 720కి 720 వచ్చినవాళ్లు మొదటి లిస్టులోనే 67 మంది ఉన్నారని చెప్పాను. అంతా విని "అయినా..." అన్నారు. ఆ 'అయినా'కి నా దగ్గర జవాబు లేదు.

ఇది నా మూడో అటెంప్ట్. మొదటిది 2023లో, ఇంటర్‌తో పాటు. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఐపీఈ, అంటే ఇంటర్ బోర్డు పరీక్షల మార్కుల మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా నీట్ మీద పెట్టలేదు. నేను చెప్పాలనుకున్నదంతా రెండో అటెంప్ట్ గురించే. ఎందుకంటే ఆ ఏడాది నేను నిజంగా కష్టపడ్డాను. కష్టపడి పోగొట్టుకున్నాను.

లాంగ్ టర్మ్ అంటే ఇంటర్ అయ్యాక ఏడాది పాటు నీట్ కోసమే తీసుకునే కోచింగ్. ఆ హాస్టల్లో పొద్దున అయిదున్నరకి స్టడీ అవర్ మొదలయ్యేది. నేను అయిదుకే లేచేదాన్ని. బయాలజీ నా బలం అనుకునేదాన్ని. ఎన్‌సీఈఆర్‌టీ రెండు పుస్తకాలూ పదకొండుసార్లు చదివాను. ప్రతి పేజీలో మూడు రంగుల గీతలు. ఏ లైను ఏ పేజీలో ఎడమవైపు ఉందో కుడివైపు ఉందో కూడా చెప్పేదాన్ని. ఇంక నాకు భయం ఎందుకు ఉంటుంది?

2024 మే 5న బయాలజీ యాభై నిమిషాల్లో పూర్తి చేసి, మనసులో 360కి 340 వేసేసుకున్నాను. సాయంత్రం కీ చూసుకుంటే 14 తప్పులు. మైనస్ ఒకటే కదా అనుకుంటాం గానీ, ఒక్కో తప్పుకీ పోయేది అయిదు మార్కులు. రావాల్సిన నాలుగు రావు, ఉన్నదాంట్లోంచి ఒకటి పోతుంది. 14 తప్పులంటే 70 మార్కులు. ఫిజిక్స్‌లో 139 వచ్చాయి, అది నాకు ఎక్కువే. నన్ను ముంచింది నా బలం.

రిజల్ట్ జూన్ 14న అన్నారు, జూన్ 4నే వదిలారు. ఆ రోజు ఎన్నికల కౌంటింగ్. మా ఇంట్లో పొద్దుటి నుంచీ అందరూ టీవీ ముందే. సాయంత్రం నేను మూలగదిలో ఫోన్లో నా ర్యాంకు చూసుకుని, బయటికొచ్చి చెప్తే కాసేపు ఎవరికీ వినపడలేదు. అదే మంచిదైంది.

ఆ తర్వాతి రెండు నెలలు నేను చదివింది వార్తలే. పేపర్ లీకు, 1563 మందికి గ్రేస్ మార్కులు, వాళ్లకి రీటెస్ట్, కోర్టు విచారణలు. మళ్లీ పరీక్ష పెడతారేమోనన్న ఆశ ఒకటి. అది ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. తప్పంతా వ్యవస్థదే అయినప్పుడు మన 14 తప్పులు ఎవరికి గుర్తుంటాయి? అన్యాయం జరగలేదని నేను అనడం లేదు. జరిగింది. కానీ నా 14 ప్రశ్నలకీ దానికీ సంబంధం లేదు. జూలై 23న సుప్రీంకోర్టు పరీక్ష రద్దు చేయబోమని తేల్చాక గానీ నేను పుస్తకం తెరవలేదు. ఇంట్లో బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరమన్నారు. ఒక్క ఏడాది అని బతిమాలి మళ్లీ హాస్టల్‌కే వెళ్లాను.

సెప్టెంబర్‌లో ఒకరోజు రాత్రి స్టడీ అవర్‌లో కరెంటు పోయింది. జనరేటర్ పనిచేయలేదు. అందరూ వరండాలోకి వచ్చి కూర్చున్నాం. నా రూంలో ఉండే అమ్మాయికి అది మొదటి లాంగ్ టర్మ్. "అక్కా, ఊరికే కూర్చునే బదులు ద్విదళబీజ కాండం అడ్డుకోత చెప్పవా, నాకు గుర్తుండట్లేదు" అంది. అదెంత పని అనుకున్నాను. బాహ్యచర్మం, దాని మీద కేశాలు, కొన్ని పత్రరంధ్రాలు. లోపల అధశ్చర్మం, అది కోలెంకైమా. తర్వాత వల్కలం. తర్వాత అంతశ్చర్మం, స్టార్చ్ ఉంటుంది. తర్వాత...

ఆగిపోయాను. పేజీ కళ్ల ముందే ఉంది. ఆకుపచ్చ గీత ఎక్కడుందో కూడా కనిపిస్తోంది. అక్కడ ఏం రాసుందో మాత్రం తెలియడం లేదు. "పెరిసైకిలేమో అక్కా?" అని ఆ అమ్మాయే అంది. అవును, పెరిసైకిల్. ఫ్లోయం పైన అర్ధచంద్రాకారంలో స్క్లెరెంకైమా. పదకొండుసార్లు చదివిన లైను అది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదివేటప్పుడు ప్రతి వాక్యం చూడగానే 'ఇది నాకు తెలుసు' అనిపించేది. అది తెలియడం కాదు, ముఖపరిచయం. బస్టాండులో రోజూ కనిపించే మనిషి లాంటిది. ఎదురుపడితే నవ్వుతాం, పేరడిగితే చెప్పలేం. నీట్‌లో స్టేట్‌మెంట్ ప్రశ్నలన్నీ సరిగ్గా అక్కడే కొడతాయి. ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపు అవుతుంది, క్రోమోజోముల సంఖ్య మాత్రం మారదు. ఇందులో రెండో ముక్క మార్చి 'సంఖ్య కూడా రెట్టింపు' అని ఇస్తే, ముఖపరిచయం ఉన్నవాళ్లకి అది కూడా తెలిసినట్టే ఉంటుంది. టిక్ పెట్టేస్తారు. నేను పెట్టేదాన్ని.

తర్వాత జరిగిన గ్రాండ్ టెస్ట్ (మొత్తం సిలబస్ మీద పెట్టే మోడల్ పరీక్ష) నుంచి ఒక పని మొదలుపెట్టాను. అనుమానం ఉన్న ప్రతి ప్రశ్న పక్కన క్వశ్చన్ పేపర్ మీద చిన్న చుక్క. మొదటిసారి 21 తప్పులు వచ్చాయి. అందులో చుక్క ఉన్నవి ఆరే. మిగతా 15 నేను ధీమాగా పెట్టినవి! అప్పటిదాకా మా లెక్చరర్లు 'డౌటుంటే వదిలెయ్' అంటే తలూపేదాన్ని. కానీ నా మార్కులు డౌట్లో పోవడం లేదు, ధీమాలో పోతున్నాయి. అసలు లెక్కేస్తే డౌటు అంత ప్రమాదం కాదు. రెండు ఆప్షన్లు తీసేయగలిగిన ప్రశ్నలు రెండుంటే, ఒకటి తప్పి ఒకటి తగిలినా మూడు మార్కులు మిగులుతాయి. ఎంసెట్‌లో నెగెటివ్ లేదు కాబట్టి అన్నీ నింపేస్తాం, నీట్ అనగానే అతి భయంతో వదిలేస్తాం. రెండూ ఆలోచించకుండా చేసే పనులే.

అక్కడి నుంచి చదవడం తగ్గించాను. అవును, తగ్గించాను. ఒక చాప్టర్ ఒకసారి చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాసేదాన్ని. మొదట్లో ఏడుపొచ్చేది, చాప్టర్ మొత్తానికి అర పేజీ కూడా నిండేది కాదు. రాసింది పుస్తకంతో పోల్చి, వదిలేసిన లైన్లు మాత్రమే మళ్లీ చూసేదాన్ని. పక్కవాళ్లు రోజుకి మూడు చాప్టర్లు లాగేస్తుంటే నేను ఒకటిన్నర దగ్గరే ఉండేదాన్ని. టెన్షన్ బాగానే పడ్డాను.

కెమిస్ట్రీలో పెద్దగా చెప్పడానికి లేదు, ఇనార్గానిక్‌కి ఇదే తెల్ల కాగితం. ఫిజిక్స్ గురించి నన్ను అడగకండి. రోజుకి ముప్పై లెక్కలు చేశాను, అంతే.

జనవరి చివర్లో ప్యాటర్న్ మార్చారు. ఛాయిస్ పోయింది, 180 ప్రశ్నలకి 180 నిమిషాలే. అందరూ కంగారుపడ్డారు గానీ నాకు మేలే అయింది. 2024లో సెక్షన్ బీ అని పదిహేనింట్లో పది రాసే భాగం ఉండేది, అందులో ఏ పది రాయాలా అని పదిహేనూ చదువుతూ ఎంత టైం తగలేశానో నాకే తెలుసు.

మే 4న పేపర్ తెరవగానే బయాలజీ మొదలయ్యే 91వ ప్రశ్నకి వెళ్లిపోయాను. బయాలజీకి గంట పట్టింది, పోయినేడాది కంటే పది నిమిషాలు ఎక్కువ. ప్రతి పేజీ అవగానే ఓఎంఆర్ దిద్దేశాను. కెమిస్ట్రీ 55 నిమిషాలు. ఫిజిక్స్‌కి వచ్చేసరికి 65 నిమిషాలున్నాయి. మొదటి నాలుగు ప్రశ్నలు చదివితే ఒక్కటీ కదల్లేదు. ముందు బెంచీలో ఒకమ్మాయి తల డెస్కు మీద పెట్టేసింది. నాకొక్కదానికే కాదన్నమాట అనుకుని, చేయగలిగినవి ఏరుకుంటూ పోయాను. 27 రాశాను, 18 వదిలేశాను. ఆ 18 గుడ్డిగా పెట్టుంటే సగటు లెక్కలో నాలుగైదు మార్కులు వచ్చేవేమో. డౌటు ప్రమాదం కాదని ఇందాకే పెద్ద లెక్చరిచ్చాను కదా, హాల్లో నాకే ధైర్యం చాలలేదు.

చివరికి ఫిజిక్స్ 73, కెమిస్ట్రీ 99, బయాలజీ 322. బయాలజీలో ఆరే తప్పులు.

ఫోన్ గురించి కూడా అడుగుతున్నారు. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి నేను పెద్ద త్యాగమేమీ చేయలేదు. కానీ 2024 జూన్, జూలైలో నా చేతిలో ఫోన్ ఉంది, ఆ రెండు నెలలు ఏమయ్యాయో పైన చెప్పాను. ఇంట్లో ఉండి ప్రిపేరయ్యేవాళ్లు ఫోన్ అమ్మకి ఇచ్చేయండి. 'క్లాసులు వినాలి' అంటారు, నాకు తెలుసు, నేనూ అన్నాను. రోజూ ఒకే టైంకి లేవడం, ఒకే చోట కూర్చోవడం కుదరనివాళ్లు ఎంత మంచి మెటీరియల్ కొనుక్కున్నా... సరే, మా వార్డెన్‌లా మాట్లాడుతున్నాను, ఆపేస్తాను.

లాంగ్ టర్మ్ రెండుసార్లు వేయడం తప్పా అని కొందరు అడిగారు. మా నాన్న రెండో ఏడాది ఫీజు కట్టిన రోజు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజు తప్పే అనిపించింది. మొన్న అదే నాన్న కౌన్సెలింగ్ కోసం స్టడీ సర్టిఫికెట్లు, క్యాస్ట్ సర్టిఫికెట్ జిరాక్సులు తలా అయిదు కాపీలు తీయించుకొచ్చారు. రెండు చాలు నాన్నా అన్నా వినలేదు.

నా రూమ్మేట్‌కి ఈసారి 388 వచ్చాయి. మళ్లీ లాంగ్ టర్మ్‌కే వెళ్తోంది. నిన్న రాత్రి ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. చివర్లో తనే ముక్కు తుడుచుకుని, "అక్కా, కాండం అడ్డుకోత చెప్తాను, విను" అంది. బాహ్యచర్మం, అధశ్చర్మం, వల్కలం, అంతశ్చర్మం. అక్కడ ఆగింది. నేను అందించలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి, "పెరిసైకిల్" అంది.