సుంకేసుల నుంచి బనకచెర్ల దాకా, గేట్లు చూసుకుంటూ

ఆగస్టులో తుంగభద్రకు వరద వచ్చిందని తెలియగానే బావ బైక్ మీద సుంకేసుల బయల్దేరాం. బావకు నందికొట్కూరు దగ్గర కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద పొలం ఉంది. నాకు పొలం లేదు కానీ గేట్ల పిచ్చి ఉంది. కాలువ మీద ఎక్కడ షట్టర్ కనబడినా ఆగి చూడాల్సిందే. "నీళ్ళొస్తే చాలు గదరా, గేటులో చూసేదేముంది?" అంటాడు బావ. కర్నూల్లో ఉగ్గాని, బజ్జీ తినిపించాకే బండి తీశాడు.

సుంకేసులలో ఇప్పుడున్నది 30 గేట్ల బ్యారేజీ. అంతకుముందు అక్కడ ఆనకట్ట ఉండేది. దాన్ని, కేసీ కెనాల్‌ను 1860లలో కట్టింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. సాగుకూ పడవలకూ పనికొచ్చేలా తవ్వారు. కానీ మన నల్లరేగడి రైతు వానకే జొన్న, పత్తి పండించుకునేవాడు. డబ్బు కట్టి నీళ్ళు కొనడానికి ముందుకు రాలేదు. కంపెనీ లెక్కలు తిరగబడ్డాయి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. పెట్టుబడికి వడ్డీ ఇస్తామని ప్రభుత్వం ముందే మాట ఇచ్చింది కాబట్టి లండన్ వాటాదారులు పెద్దగా బాధపడి ఉండరని నా అనుమానం.

మేం వెళ్ళేసరికి నది వైపు చాలా గేట్లు ఎత్తి ఉన్నాయి. ఎర్రటి నీళ్ళు కింద నుంచి దూసుకొచ్చి, కొంచెం దూరం పల్చగా పరిగెత్తి, ఒక్కసారిగా పైకి ఎగిసి నురగలవుతున్నాయి. గేటు కింద పుట్టిన వేగాన్ని అక్కడే చంపేయాలని దిగువన కాంక్రీటు పరుస్తారు. లేకపోతే నీళ్ళు పునాదినే తవ్వుకుపోతాయి. ఇంత వరదలోనూ కాలువ తల దగ్గరి షట్టర్లు మాత్రం కిందికే దించి ఉన్నాయి. "ఇన్ని నీళ్ళుంటే కాలువకు ఇంకా ఎత్తొచ్చు గదా?" అన్నాడు బావ. నది మట్టం పెరిగితే అదే సందులోంచి ఎక్కువ నీళ్ళు తోసుకొస్తాయి, ఒండ్రు కూడా వస్తుంది. అందుకే వరదలో నదికి ఎత్తుతారు, కాలువకు దించుతారు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు, ఏ గేటుకూ లొంగనంత నీళ్ళు వస్తే ఏమవుతుందో ఊరంతా చూసింది.

తిరుగుదారిలో కర్నూల్లో హంద్రీ మీద ఆగాం. అక్కడ కేసీ కెనాల్ అక్విడక్ట్ అనే కాలువ వంతెన ఎక్కి నది మీదుగా అవతలికి పోతుంది. బావకు దాని మీద ఆసక్తి లేదు, ఎండ ముదురుతోంది, వెళ్ళిపోయాం.

ఈ యాత్రలో నాకు బాగా నచ్చింది బావ ఊరి దగ్గరి చిన్న డిస్ట్రిబ్యూటరీ (పిల్ల కాలువ) తూము. చేత్తో తిప్పే చక్రం, గ్రీజు పట్టిన పొడుగు స్క్రూ, పక్కన గోడ మీద రంగు పోయిన గేజి. గేట్లు చూసుకునే లష్కర్ అక్కడే ఉన్నాడు. ఎన్ని అంగుళాలు ఎత్తితే ఎన్ని నీళ్ళు వస్తాయని అడిగాను. "అట్ల చెప్పలేం సార్. కాలువ ఎంతుందో చూడాల, కింద ఎంతుందో చూడాల, అప్పుడు ఎత్తాల" అన్నాడు.

హైడ్రాలిక్స్ పుస్తకంలో ఉండేది కూడా అదే. గేటు కింద నుంచి దూకే నీటి వేగం, ముందున్న నీటి ఎత్తుకు వర్గమూలంగా పెరుగుతుంది. ఎత్తు నాలుగు రెట్లయితే వేగం రెండింతలే. గోడ మీంచి పొర్లే నీళ్ళ సంగతి వేరు. పొర్లే మందం రెండింతలైతే పారే నీరు దాదాపు 2.8 రెట్లవుతుంది. అందుకే పొలాలకిచ్చే తూముకు కింద తెరుచుకునే షట్టర్ మంచిది. పెద్ద కాలువ కొంచెం అటూ ఇటూ అయినా పొలానికి పోయే నీరు అంతగా మారదు. మిగులు వదిలించుకోవాల్సిన చోట పొర్లుగోడ మంచిది. మట్టం బెత్తెడు పెరిగినా బోలెడు నీళ్ళు బయటికి పోతాయి.

"మరి మా తూముకు షట్టర్ పూర్తిగా ఎత్తినా నీళ్ళు రావెందుకు?" బావ ప్రశ్న. వెళ్ళి చూస్తే తూము అవతల పంట కాలువ నిండా తుంగ, నాచు. నీళ్ళు ముందుకు పోలేక షట్టర్‌కు అవతలే నిలబడ్డాయి. అలా మునిగిన తూముకు రెండు వైపుల మట్టాల తేడా ఒక్కటే బలం. ఆ తేడా నాలుగు వేళ్ళు కూడా లేదు. చక్రం ఎంత తిప్పినా లాభం లేదు, పార పట్టాల్సిందే. బావ మాట మార్చాడు.

కొంచెం దిగువన క్రాస్ రెగ్యులేటర్ ఉంది, అంటే పెద్ద కాలువకు అడ్డంగా గేట్లు. కాలువలో నీళ్ళు తక్కువున్నప్పుడు వీటిని కొంత దించితే ఎగువన మట్టం లేచి పక్క తూములకు అందుతుంది. ఎగువ వాళ్ళకు అది వరం, చివరి ఆయకట్టు వాళ్ళకు కడుపుమంట. పోనీ గబుక్కున దించేద్దామంటే అదీ కుదరదు. ఎగువన నీళ్ళు ఉబ్బి గట్టుకు గండి పడొచ్చు. పెద్ద వాన పడిన రాత్రి అసలు టెన్షన్. రైతులంతా ఎవరి తూము వాళ్ళు మూసేసుకుంటారు. అక్కర్లేని నీళ్ళన్నీ కాలువలోనే ఉండిపోతాయి. మిగులు నీళ్ళు బయటికి వదిలే ఎస్కేప్ గేటు దగ్గరికి చీకట్లో పరిగెత్తేది లష్కరే.

మధ్యాహ్నం తర్వాత పోతిరెడ్డిపాడు వెళ్ళాం. కృష్ణ మీది శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీళ్ళు మళ్ళే తల ఇది. మొదట 11 వేల క్యూసెక్కుల (క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) పైచిలుకుకు కట్టి, తర్వాత 44 వేలకు పెంచారు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ లెక్కన 44 వేలంటే రోజుకు దాదాపు 3.8 టీఎంసీలు. అయితే ఆ అంకె జలాశయం నిండుగా ఉన్నప్పటిది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. 854కు దిగితే అందులో కొద్ది భాగమే వస్తుంది, 841 దగ్గరికి పడితే గేట్లన్నీ ఎత్తి పెట్టినా కాలువ ఎండిపోతుంది. ఆంధ్ర, తెలంగాణల గొడవంతా గేట్ల సైజు గురించి అనిపిస్తుంది గానీ, నాకైతే ఆ జలాశయాన్ని ఎన్ని రోజులు ఏ అడుగు దగ్గర నిలుపుతారన్నదే అసలు తగాదా అనిపించింది.

అక్కడి నుంచి కాలువ 16 కిలోమీటర్లకు పైగా పోయి బనకచెర్ల క్రాస్ రెగ్యులేటర్ చేరుతుంది. ఇక్కడ మూడు దారులు. ఒకటి తెలుగుగంగ, వెలుగోడు మీదుగా చెన్నై దాకా. ఇంకోటి ఎస్సార్బీసీ (శ్రీశైలం కుడి బ్రాంచ్ కాలువ), గాలేరు-నగరి కాలువల వైపు. మూడోది నిప్పులవాగులోకి దిగి, కుందూ చేరి, కేసీ ఆయకట్టుకు సాయపడుతుంది. అంటే తుంగభద్ర కాలువకు కృష్ణ నీళ్ళు అప్పు.

బావ మొదటిసారి గేట్లను శ్రద్ధగా చూశాడు. ఏ దారికి ఎన్ని ఎత్తారో లెక్కపెట్టాడు. "మా వైపు తక్కువ ఎత్తినారు" అన్నాడు. ఎత్తిన గేట్లు లెక్కపెడితే చాలదని, మట్టం కూడా చూడాలని పొద్దున్నుంచీ చెప్పిందే మళ్ళీ చెప్పాను. "అదంతా సరే, తక్కువే ఎత్తినారు" అని బండి స్టార్ట్ చేశాడు.