డబ్బాల ఇంటిపేరు

మొన్న దేవరకొండ దిక్కు నుంచి ఒక పెద్దాయన మా పురుగుమందుల దుకాణానికి వచ్చిండు. బత్తాయికి మంగు పట్టిందట, నీళ్లల్ల కలిపి కొట్టే గంధకం కావాలన్నడు. నేను సంచి దించేలోపు అల్మారా దిక్కు చూసి, "ఏం తమ్మీ, ఇవన్నీ థయో థయో అనే ఉన్నయ్. అంతా ఒక్క కంపెనీయేనా?" అనడిగిండు.

నవ్వొచ్చింది. కానీ ఇన్నేళ్లు అమ్ముకుంట నేనెన్నడూ అట్ల చూడలే. పత్తికి కొట్టే థయామెథాక్సామ్, తెగుళ్లకు థయోఫానేట్ మిథైల్, పల్లి విత్తనానికి పట్టించే థైరమ్. మూడూ పక్కపక్కనే ఉన్నయ్.

"కంపెనీ కాదు పెద్దనాయనా, ఇంటిపేరు. నువ్వు కొంటున్న గంధకమే వీటన్నిట్లో ఇంతింత ఉంటది."

నమ్మలే. గంధకం సంచి వాసన చూసి, థైరమ్ డబ్బా మూత మీద చెయ్యేసిండు, అదీ వాసన చూద్దామని. గబుక్కున చెయ్యి పట్టుకున్న. (థైరమ్ ఒక్క అణువుల 4 గంధకం పరమాణువులుంటయ్. అయినా ముక్కుతోని చూసేది కాదది.)

పాత గ్రీకులో గంధకాన్ని 'థెయోన్' అన్నరు. 'థయో' దాన్నుంచే వచ్చింది. హోమర్ కావ్యం ఒడిస్సీలో, ఇంట్ల శత్రువులను చంపినంక ఒడిస్సియస్ ముసలి దాసిని పిలిచి గంధకం, నిప్పు తెమ్మంటడు. ఇల్లంతా పొగ వేస్తడు. మనింట్ల సాంబ్రాణి వేసినట్టే. వాళ్లది పొగ లెక్క, మనది వాసన లెక్క: గంధం ఉన్నది గనుక గంధకం. నన్నడిగితే మన పేరే నయం, సంచి విప్పంగనే అర్థమైతది.

బీఎస్సీల మా సారు ఒక్క ముక్కల చెప్పేటోడు: ఆక్సిజన్‌ను కుర్చీల నుంచి లేపి సల్ఫర్‌ను (అంటే గంధకాన్ని) కూసోబెట్టు, పేరుకు ముందు థయో తగిలించు. యూరియాల ఆక్సిజన్ పోతే థయోయూరియా. సల్ఫేట్ల ఒక ఆక్సిజన్ పోతే థయోసల్ఫేట్. రీలు కెమెరాల కాలంల ఫొటో స్టూడియోలల్ల ఫిల్మ్ కడిగిన హైపో అదే. సారాలో ఉండే ఇథనాల్‌కు అదే పని చేస్తే ఇథేన్‌థయోల్. ఈడ థయో వెనకకు పోయింది. గ్యాస్ లీకైతే గుప్పున కొట్టే వాసన దానిదే, వాసన లేని గ్యాస్‌ల కావాలనే కలుపుతరు.

అన్నీ కుర్చీ లెక్కనే కాదు. థయామెథాక్సామ్‌ల గంధకం థయజోల్ అనే పరమాణువుల వలయంల ఉంటది. విటమిన్ బి1కు థయామిన్ అని పేరొచ్చింది కూడా గంధకం ఉన్నందుకే. మిర్యాలగూడ మిల్లులల్ల బియ్యం తెల్లగ పాలిష్ పడుతుంటే తవుడుతో పాటు పోయేది ఈ థయామినే.

రాత్రి అన్నం తినుకుంట ఇదంత చెప్తుంటే మా ఆవిడ తన గోలీల పట్టీ తెచ్చి ముందట పెట్టింది. "మరి నా థైరాయిడ్ల కూడా గంధకమేనా?" తప్పు ఆమెది కాదు, మన అక్షరాలది. ఇంగ్లిష్‌ల థైరమ్‌కు 'ఐ', థైరాయిడ్‌కు 'వై'. తెలుగుల రెండిటికీ ఒకటే 'థై'. థైరాయిడ్ వచ్చింది గ్రీకులో డాలు అనే మాట నుంచి, ఆ గ్రంథి పక్కన మెడల ఉండే మృదులాస్థి డాలు లెక్క ఉంటదని. ఇగ ఆ గోలీల ఉండేది అయోడిన్, గంధకం లేదు.